కోర్టు కొట్టేసినా కదలని షీటు

కువైట్‌లో డ్రైవరు ఉద్యోగం దాదాపు ఖాయమైపోయింది. మెడికల్ అయింది, ఏజెంటుకి అడ్వాన్సు ముట్టింది. తీరా పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ దగ్గర వ్యవహారం ఆగిపోయింది. రాజోలు వైపు కుర్రాడు, పాతికేళ్లవాడు. 2019లో గంజాయి కేసులో అరెస్టయ్యాడు, 2023లో కోర్టు కొట్టేసింది. అయినా వెరిఫికేషన్‌కి వెళ్లిన స్టేషను నుంచి ‘ఇతని మీద సస్పెక్ట్ షీట్ ఉంది’ అని రిపోర్టు వచ్చింది. కొట్టేసిన కేసు మళ్లీ ఎక్కణ్నుంచి లేచిందని తల్లి లబలబలాడుతూ ఫైలు పట్టుకుని అమలాపురంలో లాయరు దగ్గరికి వెళ్లింది.

ఆ లాయరమ్మ ఆదివారం నాడు ఫైలు తీసుకుని కొత్తపేటలో బాబాయి ఇంటికి వచ్చింది. ఆయన సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. సర్వీసులో సగం పైగా చింతపల్లి, పాడేరు, నర్సీపట్నం వైపే గడిచింది. ఆవిడ సలహాకి వచ్చిందో పోట్లాటకి వచ్చిందో చెప్పడం కష్టం. అరుగు మీద రాశి పోసిన కొబ్బరికాయల్ని ఓ పక్కకి నెట్టి ఇద్దరూ కూర్చున్నారు. కుర్రాడి పేరు ఇక్కడ అక్కర్లేదు, స్టేషను పేరు అంతకన్నా అక్కర్లేదు.

“ముందు కేసేంటో చెప్పమ్మా. షీటు సంగతి తర్వాత చూద్దాం,” అన్నాడు పెద్దాయన.

ఆవిడ మధ్యవర్తుల నివేదిక తీసింది. ఏ గంజాయి ఫైలు విప్పినా మొదట కనిపించే కాగితం అదే. మధ్యవర్తులుగా ఇద్దరు, చాలాసార్లు వీఆర్వోలే. బండి ఆపడం, సోదా, తూకం, సంతకాలు. రెండో పేజీలో ఒక వాక్యం కింద పెన్సిల్ గీత ఉంది: సంచిని తూచగా 1 కేజీ 150 గ్రాములు.

“ఈ నూట యాభై గ్రాములే బాబాయ్, వాడి కొంప ముంచింది.”

మాదకద్రవ్యాల చట్టం, అంటే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, మనిషిని కాటాలో పెట్టి చూస్తుంది. గంజాయి కేజీ దాటకపోతే అది ‘స్వల్ప పరిమాణం’: గరిష్ఠంగా ఏడాది కఠిన జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కేజీలు దాటితే ‘వాణిజ్య పరిమాణం’: పదేళ్లకి తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల దాకా, జరిమానా లక్షకి తగ్గదు. ఈ రెండింటి నడుమ పడితే పదేళ్ల దాకా శిక్ష, లక్ష దాకా జరిమానా. ఈ హద్దులు గీసింది 2001 అక్టోబరు నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్. అంటే కేజీకి అటు ఏడాది, ఇటు పదేళ్లు.

“సంచితో సహా తూచారు,” అంది లాయరమ్మ. “ఆకు, కాడ, గింజ అన్నీ కలిపే. చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. పూత లేకుండా విడిగా ఉన్న ఆకూ గింజా లెక్కలోకి రావు. వేరు చేసి తూస్తే ఇది కేజీ లోపే ఉండేది.”

“రోడ్డు మీద, చీకట్లో, ఎస్సై కూర్చుని ఆకు వేరు, కొస వేరు ఏరమంటావా? బస్తాల్లో వచ్చే సరుకు అప్పడంలా నొక్కేసి ఉంటుంది. ఆకెక్కడ, పూతెక్కడ?”

“ఎస్సై ఏరక్కర్లేదు. మేజిస్ట్రేటు ముందు చేసే నమూనాల పంచనామాలో ఆ మాట రాస్తే చాలు. ఆకూ కాడా విడదియ్యలేదన్న ఒక్క కారణంతో బెయిలిచ్చిన హైకోర్టు ఉత్తర్వులున్నాయి.”

పెద్దాయన నవ్వాడు. లాయర్లకి ఆ నూట యాభై గ్రాములు బంగారమన్నాడు. అంతలోనే పోలీసు బుర్రతో ఒక మంచి మాట కూడా చెప్పాడు. గంజాయి కేసంటే అసలు బెయిలే రాదని కోనసీమలో సగం మంది తల్లిదండ్రులు నమ్ముతారు. అది నిజం కాదు. బెయిలుకి అడ్డుపడే సెక్షన్ 37 ముఖ్యంగా వాణిజ్య పరిమాణానికీ, సొమ్ము పెట్టి వ్యాపారం నడిపించినవాళ్లకీ. మధ్య రకం కేసులో మామూలు బెయిలు నియమాలే వర్తిస్తాయి. ఇది తెలియక ఇళ్లు తాకట్టు పెట్టి మధ్యవర్తుల చేతుల్లో డబ్బు పోసినవాళ్లని ఆయన చూశాడట.

తర్వాత వాదన సోదా మీదికి మళ్లింది. కుర్రాడు బండి వెనక కూర్చున్నాడు, సంచి ముందు హ్యాండిలుకి వేలాడుతోంది. గెజిటెడ్ ఆఫీసరు సమక్షంలో సోదా జరిపించుకునే హక్కు నీకుందని అతనికి చెప్పారా అని ఆవిడ అడగబోయింది. బాబాయి మధ్యలోనే ఆపేశాడు.

“సెక్షన్ 50 ఒంటి మీద సోదాకేనమ్మా. సంచికి వర్తించదని సుప్రీంకోర్టు 2005లోనే తేల్చేసింది. ఆ వాదన కోర్టులో పెట్టి టైము పాడుచేసుకోకు.”

ఈ పాయింటు ఆయనదే. ఆవిడా ఒప్పుకుంది. కానీ సంచిలో ఏముందో వెనక కూర్చున్నవాడికి తెలుసని ఎలా అన్నారని నిలదీసింది. నివేదిక మూడో పేజీలో ‘నేరము ఒప్పుకొనినాడు’ అని ఉంది. పోలీసుల దగ్గర ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదన్నది పాత సాక్ష్య చట్టంలోనూ ఉంది, కొత్త దాంట్లోనూ ఉంది. ఎన్‌డీపీఎస్ అధికారుల దగ్గర సెక్షన్ 67 కింద ఇచ్చే వాంగ్మూలం కూడా ఒప్పుకోలుగా పనికిరాదని 2020 అక్టోబరులో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ వాక్యం ప్రతి ఫైల్లోనూ ఉంటుంది, అక్షరం పొల్లు పోకుండా.

మరి కేసు ఎలా పోయింది? నమూనాల దగ్గర. సరుకులోంచి శాంపిళ్లు మేజిస్ట్రేటు సమక్షంలో తియ్యాలని సెక్షన్ 52ఎ అంటుంది. 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. ఇక్కడ రోడ్డు మీదే రెండు పొట్లాలు కట్టి ల్యాబుకి పంపేశారు. కోర్టు అది పట్టుకుని ముద్దాయిలిద్దర్నీ వదిలేసింది.

“అదీ సంగతి!” అన్నాడు పెద్దాయన, ఎదురుచూస్తున్న మాట దొరికినట్టు. “గంజాయి లేదని కోర్టు అనలేదు. పొట్లం కట్టిన పద్ధతి తప్పంది. ఇదే కేసు ఇవాళైతే అంత తేలిగ్గా పోదు. 52ఎ తప్పినంత మాత్రాన కేసంతా కూలిపోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టే అంది. అలా తప్పించుకున్నవాడి మీద ఓ కన్నేసి ఉంచితే తప్పేంటి?”

అసలు గొడవ అక్కణ్నుంచి మొదలైంది.

పోలీసు స్టేషన్లో కోర్టుకి సంబంధం లేని రికార్డు ఒకటి ఉంటుంది. రౌడీ షీటు, సస్పెక్ట్ షీటు, కేడీ షీటు అని జనం పిలిచే హిస్టరీ షీట్లవి. ఇవి పుట్టేది శాసనసభ చేసిన చట్టంలోంచి కాదు, పోలీస్ స్టాండింగ్ ఆర్డర్లలోంచి. రౌడీ షీటు ఎవరి మీద తెరవచ్చో 601వ ఆర్డరు చెబుతుంది: అలవాటుగా కొట్లాటలకి, శాంతిభంగానికి దిగేవాళ్లు, ఆడపిల్లల్ని వేధించేవాళ్లు, బెదిరించి ఆస్తులు రాయించుకునేవాళ్లు, కుల మత ఘర్షణల్లో పాల్గొనేవాళ్లు. డ్రగ్స్ సంగతి అందులో ఓ పక్కగా వస్తుంది. 1986 నాటి పీడీ చట్టం కింద ఆరు నెలలో అంతకన్నా ఎక్కువో నిర్బంధంలో ఉన్నవాళ్ల మీద షీటు తెరవచ్చు. ఆ చట్టం పేరులోనే ‘డ్రగ్ అఫెండర్లు’ ఉన్నారు. ఒక్క గంజాయి కేసులో ముద్దాయి అయినంత మాత్రాన రౌడీ షీటుకి దారి లేదు. అందుకే ఇలాంటి కుర్రాళ్ల మీద తెరిచేది సస్పెక్ట్ షీటు.

“అలవాటు అన్న మాట ఉంది కదా బాబాయ్. ఒకటి రెండు కేసులతో అలవాటు అనలేమని మన ఉమ్మడి హైకోర్టు ఒకటికి నాలుగు సార్లు చెప్పింది. వీడికి ఉన్నది ఒకే కేసు. అదీ పోయింది.”

“నువ్వు పుస్తకం చూసి మాట్లాడుతున్నావు. నేను ఘాట్ రోడ్డు చూసి మాట్లాడుతున్నాను.”

ఆయన చెప్పుకొచ్చిన దాంట్లో బలం లేకపోలేదు. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో పండే శీలావతి రకం గంజాయికి దేశమంతా గిరాకీ. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కేజీలు కుప్పపోసి తగలబెట్టారు. 2024 నవంబరులో ఈగల్ అని ప్రత్యేక విభాగమే పెట్టారు, 1972 టోల్‌ఫ్రీ నంబరుతో. ఇంత చేసినా సరుకు కిందికి దిగుతూనే ఉంది. దింపేది పెద్దవాళ్లు కాదు, పద్దెనిమిది ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. ఒకడు బండి మీద ముందు వెళ్లి చెక్‌పోస్టు ఉందో లేదో ఫోను చేస్తాడు, వాణ్ని పైలెట్ అంటారు. వెనక ఇంకోడు సంచితో వస్తాడు. రావులపాలెం దగ్గర పదహారో నంబరు హైవే దిగితే ఇక కోనసీమ అంతా కాలవగట్లూ సందు దారులే. ఏ గట్టున ఎవడు తిరుగుతున్నాడో తెలియాలంటే స్టేషన్లో పేర్లుండాలి.

“సాక్షులు రారమ్మా. పక్కింటాయన చూస్తాడు, చెప్పడు. షీటు లేకపోతే కొత్తగా వచ్చిన ఎస్సైకి ఊళ్లో ఎవడెవడో ఎలా తెలుస్తుంది? అలవాటు నేరస్తుల మీద కాపు వెయ్యచ్చని 1980లో మలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది.”

“ఒప్పుకుంది. ఆ కాపు మనిషి బతుక్కి అడ్డం రాకూడదని కూడా అదే తీర్పులో అంది. ఆ రెండో సగం మీరు చదవరు.” ఆవిడ గొంతు కాస్త లేచింది. “అర్ధరాత్రి పన్నెండున్నరకి కానిస్టేబుల్ తలుపు కొట్టి, మీవాడు ఇంట్లో ఉన్నాడా అని వాళ్లమ్మని లేపాడు. ఒకసారి కాదు. రాత్రిపూట ఇళ్ల మీదికి పోయే అధికారం రాజ్యాంగానికి విరుద్ధమని ఖరక్ సింగ్ కేసులో కొట్టేసి అరవై ఏళ్లు దాటింది, 1962 డిసెంబరులో. 2017లో పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. దాని మీద ఆనుకునే 2022 జూలైలో జస్టిస్ డి.వి.ఎస్.ఎస్. సోమయాజులు మన హైకోర్టులో తీర్పిచ్చారు. ఈ స్టాండింగ్ ఆర్డర్లకి చట్టం బలం లేదు, వాటిని పట్టుకుని రౌడీ షీట్లు తెరవడం, రాత్రిళ్లు ఇళ్లకి వెళ్లడం, స్టేషన్ల చుట్టూ తిప్పడం కుదరదని.”

“దాని మీద ప్రభుత్వం అప్పీలుకి పోయింది. ఆ ఒక్క తీర్పునే పట్టుకుని వేలాడకు.”

“వేలాడను. నా పిటిషన్ దాని మీద కట్టడం లేదు. మీ 602 మీదే కడుతున్నాను.”

ఈ మాటకి పెద్దాయన కొంచెం సర్దుకుని కూర్చున్నాడు. 602వ ఆర్డరు ఆయనకి కొట్టిన పిండి. షీటు తెరిచాక ఆ ఏడాది డిసెంబరు ఆఖరు దాకానే దానికి ఆయుష్షు. తర్వాత కొనసాగించాలంటే గెజిటెడ్ అధికారి, అంటే కనీసం డీఎస్పీ, ఉత్తర్వు ఇవ్వాలి. అయిదేళ్లపాటు కొత్త కేసు లేకపోయినా షీటు ఉంచవచ్చు, కానీ ఊరికే కాదు. అతని పనులు శాంతిభద్రతలకి భంగంగా ఉన్నాయనో, భయపడి బాధితులు ఫిర్యాదుకి రావడం లేదనో కారణం ఉండాలి.

“ఏడాదికోసారి చూడాలి. చూస్తున్నారా బాబాయ్? మీ సర్వీసులో డిసెంబరు నెలలో ఎన్ని షీట్లు మూయించారు?”

ఆయన చెప్పలేదు. వందల షీట్లు ఒకే రోజు ఒకే ముక్కతో ‘కొనసాగించవచ్చును’ అని సంతకమయ్యే సంగతి ఆయనకి తెలుసు. “మూయించినవీ ఉన్నాయి,” అని మాత్రం అన్నాడు. షీటు మూస్తే రేపు వాడేదైనా చేసినప్పుడు మూసినవాడి మెడకి చుట్టుకుంటుందట. తెరిచి ఉంచినందుకు ఏ అధికారికీ మెమో రాలేదు. ఆ మధ్యాహ్నం అరుగు మీద వినబడిన వాటిలో అన్నిటికన్నా నిజమైన మాట బహుశా ఇదే. షీట్లు ఎందుకు కదలవో తీర్పుల కన్నా ఇది బాగా చెబుతుంది.

కాగితం షీటు ఒక ఎత్తు, కంప్యూటరు ఇంకో ఎత్తు. 2022 జూలైలో కేంద్ర నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో ‘నిదాన్’ అనే పోర్టల్ తెచ్చింది. మాదకద్రవ్యాల కేసుల్లో అరెస్టయినవాళ్ల ఫొటోలు, వేలిముద్రలు, కోర్టు ఉత్తర్వులు, జైలు వివరాలు దేశమంతటి నుంచీ అందులో చేరతాయి. చూసేది దర్యాప్తు సంస్థలే, జనం కాదు. గమనించాల్సింది అరెస్టయినవాళ్ల అన్న మాట, శిక్షపడినవాళ్ల అని కాదు. అదే ఏడాది ఆగస్టులో అమల్లోకొచ్చిన నేర గుర్తింపు చట్టం వేలిముద్రల్లాంటి వివరాల్ని 75 ఏళ్లు దాచమంటుంది. అంతకుముందు శిక్ష లేనివాడు నిర్దోషిగా బయటపడితే, కోర్టు వద్దని రాస్తే తప్ప, ఆ వివరాలు చెరిపెయ్యాలని కూడా అంటుంది.

“వీడి వేలిముద్రలు తీసింది 2019లో. అప్పటికి తెల్లవాళ్లు చేసిన 1920 చట్టం ఉంది,” అంది లాయరమ్మ. “దాంట్లో ఏముందో తెలుసా? కేసు పోతే ఫొటో, దాని నెగెటివు, కాపీలు అన్నీ నాశనమన్నా చెయ్యాలి, లేదా వాడి చేతికే ఇచ్చెయ్యాలి.”

“నెగెటివు కూడానా!” ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఎవరూ వచ్చి నెగెటివు అడగలేదట.

అమెరికా సంగతి తెచ్చింది పెద్దాయనే. అక్కడ కాన్సస్ రాష్ట్రంలో మత్తు మందులు తయారుచేసి, అమ్మి శిక్షపడినవాళ్ల పేర్లు లైంగిక నేరస్తుల పేర్ల పక్కనే బహిరంగ రిజిస్ట్రీలో పెడతారు. ఊరు ఊరంతా చూసుకోవచ్చు. మన షీటు స్టేషను గడప దాటదు, మనమే నయం కదా అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. అక్కడ శిక్ష పడితేనే పేరెక్కుతుంది, మొదటిసారికి ఇన్నేళ్లని గడువు ముందే తెలుస్తుంది, తీసెయ్యమని కోర్టుని అడిగే దారి చట్టంలోనే ఉంది. ఇక్కడ పేరెక్కినట్టు మనిషికే తెలియదు, కువైట్ కాగితం వెనక్కి వస్తే గానీ. గడప దాటదన్న మాట కూడా ఈ రిపోర్టుతో తేలిపోయింది.

ఇక్కడ మాత్రం లాయరమ్మ కాస్త తేలిగ్గా తీసిపారేసింది. బహిరంగ రిజిస్ట్రీలో పేరుంటే ఇల్లు అద్దెకి దొరకదు, పిల్లల బడిలో గుసగుసలు. పల్లెటూళ్లో ఆ గతి పడితే మనిషి ఊరు వదలాల్సిందే. రహస్యంగా ఉండడంలో ఉన్న మేలు చిన్నదేం కాదు.

సుప్రీంకోర్టు ఈ వైపు చూడడం మొదలైంది. 2024 మేలో ఢిల్లీ ఎమ్మెల్యే అమానతుల్లా ఖాన్ కేసులో, హిస్టరీ షీట్లలో మైనరు పిల్లల పేర్లు, ఇంట్లోవాళ్ల వివరాలు ఇష్టమొచ్చినట్టు ఎక్కించకూడదంది. వెనకబడిన, పేద వర్గాలవాళ్ల మీద యాంత్రికంగా షీట్లు తెరుస్తున్నారన్న అనుమానం వెలిబుచ్చి, అన్ని రాష్ట్రాలూ తమ నియమాల్ని చూసుకోవాలంది. పద్దెనిమిది నిండకుండా పట్టుబడినవాడి సంగతి ఇంకా తేలిక. బాలల న్యాయ చట్టం వాడి రికార్డుని చెరిపేయమంటుంది, నడవడి సర్టిఫికెట్లలో ఆ ప్రస్తావనే వద్దంటుంది. ఈ కుర్రాడికి అప్పటికే పందొమ్మిది.

సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ ఒకే కాగితం మీద పని చేస్తున్నారు, పోట్లాట ఆపకుండానే. అర్జీ స్టేషనుకి కాదు, డీఎస్పీకి పెట్టమన్నాడు పెద్దాయన. ఎస్సైకి షీటు మూసే అధికారం లేదు, అతన్ని బతిమాలడం దండగ. తీర్పు సర్టిఫైడ్ కాపీ, ఆ తీర్పు మీద ప్రభుత్వం అప్పీలు వెయ్యలేదన్న ఆధారం జతచెయ్యాలి. షీటు ఏ తేదీన తెరిచారు, ఏయే సంవత్సరం ఎవరు పొడిగించారు, ఆ ఉత్తర్వుల కాపీలు ఇవ్వమని అడగాలి. రసీదు తీసుకోవాలి. జవాబు రాకపోతే సోమవారం ఎస్పీ దగ్గర జరిగే గ్రీవెన్సుకి, అక్కడా కాకపోతే హైకోర్టులో రిట్. లాయరు ఖర్చు భరించలేనివాళ్లకి న్యాయ సేవాధికార సంస్థ ఉంది, నంబరు 15100.

పాసుపోర్టు చట్టం మీద ఆవిడ ఒక పేరా చేర్చింది. కోర్టులో కేసు పెండింగులో ఉంటే పాసుపోర్టు నిరాకరించవచ్చు, అప్పుడు కూడా 1993 నోటిఫికేషన్ ప్రకారం ఆ కోర్టు అనుమతి తెచ్చుకుని వెళ్లచ్చు. సస్పెక్ట్ షీటు కోర్టు కేసు కాదు. క్లియరెన్సు ఆపడానికి అదొక్కటే కారణంగా చూపడం కుదరదని ఆవిడ వాదన. పెద్దాయన చదివి తలూపాడు.

“కుర్రాడు తాగేవాడా?” అని అడిగాడు ఉన్నట్టుండి.

“అప్పట్లో తాగేవాడు. ఇప్పుడు లేదు.”

“అరెస్టయిన రోజునే డీఅడిక్షన్‌కి పంపాల్సింది. తాగేవాడు తనంతట తాను చికిత్సకి వెళ్తే సెక్షన్ 64ఎ కింద కేసు నుంచే రక్షణ ఉంది. స్వల్ప పరిమాణానికీ, సేవించిన కేసుకీ. ఎవడూ వాడడు దాన్ని. మేమూ చెప్పం.”

“కేజీ నూట యాభై రాశారు కదా. స్వల్పం కాదుగా!”

ఆయన మళ్లీ ఆ పెన్సిల్ గీత వైపు చూసి ఏదో గొణిగాడు.

చివరి వాక్యం దగ్గర మళ్లీ చెడింది. ‘ఇకమీదట సత్ప్రవర్తనతో మెలుగుతానని హామీ ఇస్తున్నాను’ అని రాయమంటాడాయన. డీఎస్పీకి సంతకం పెట్టడానికి ఒక ఆధారం కావాలి, ఆ ముక్క ఉంటే ఫైలు కదులుతుంది, ముప్ఫై ఏళ్లు చూశానంటాడు. ఆవిడ ససేమిరా అంది. ఇకమీదట అంటే ఇదివరకు చెడు ప్రవర్తన ఉందని ఒప్పుకున్నట్టే. కోర్టు నిర్దోషి అన్నవాడు హామీ ఎందుకివ్వాలి? రేపు రిట్ వేస్తే ప్రభుత్వ లాయరు మొదట చదివేది ఆ వాక్యమే.

“హైకోర్టుకి పోతే ఏడాది పడుతుంది. ఈలోగా వీసా పోతుంది.”

“ఆ వాక్యం రాస్తే జన్మంతా పడి ఉంటుంది బాబాయ్.”

పిన్ని టీ తెచ్చేసరికి ఆ వాక్యాన్ని కొట్టేసి, మళ్లీ రాసి, మళ్లీ కొట్టేశారు. తుది కాపీ టైపు చేయించేది లాయరమ్మే కాబట్టి అందులో అది ఉండదనే అనుకోవచ్చు. కానీ కుర్రాడి తల్లికి ఆ రాత్రే ఫోను చేసి అసలు సంగతి చెప్పమనీ, ఏది కావాలో వాళ్లనే తేల్చుకోమనీ పెద్దాయన పట్టుబట్టాడు. దానికి ఆవిడ కాదనలేకపోయింది.